అమ్మ గొంతుకి సెలవులు

ఆ బస్‌స్టాండులో ఆ అమ్మాయిని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. డ్రైవర్లకీ, కండక్టర్లకీ, టీ కౌంటరు పెద్దాయనకీ ఆమె "అలాగేకానమ్మ". కాలేజీలో నాలుగేళ్ళ చదువు ఆఖరి ఏడాదికొచ్చింది. పట్నంలో హాస్టల్లో ఉండి మొక్కల శాస్త్రం చదువుతోంది. కళ్ళజోడు కూడా వచ్చింది. అయినా సెమిస్టరుకీ సెమిస్టరుకీ మధ్య సెలవుల్లో సంచి తగిలించుకుని బస్సు దిగిందంటే చాలు, ఏదో ఒక కిటికీలోంచి "ఏం అలాగేకానమ్మా, వచ్చేశావా!" అని కేక వినబడాల్సిందే.

ఆ పేరు వెనక ఒక మైకు ఉంది. వాళ్ళమ్మ ఆ బస్‌స్టాండు గొంతు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద ఉందో, ఏది ఆలస్యమో, ఎవరి పర్సు దొరికిందో, ఎవరి పిల్లాడు విచారణ గదిలో ఏడుస్తూ కూర్చున్నాడో, అన్నీ గాజు కిటికీ వెనక కూర్చుని చెప్పడం ఆమె పని. బడి అయిపోగానే పిల్ల ఆ గదికే వచ్చేది. మైకు బల్ల కింద చాప వేసుకుని, అమ్మ పాదాల పక్కన, అమ్మ గొంతు కింద పెరిగింది.

సాయంత్రం ఇంట్లో ప్రార్థన. అమ్మ చెబుతుంది, ఆఖర్న నాన్నా పిల్లా "అలాగే కానీ" అంటారు. ఆ ప్రార్థనలో రోజూ ఒక మాట వచ్చేది. "మా రాకపోకలన్నీ నీ చేతిలో పెడుతున్నాం." రాక ఎవరు, పోక ఎవరు అని పిల్ల ఒకసారి నాన్నని అడిగింది. "అక్కాచెల్లెళ్ళమ్మా. ఒకరు ఇంట్లో ఉంటే రెండోవాళ్ళు ఉండరు," అన్నాడాయన, సూదిలో దారం ఎక్కిస్తూ. డిపోలో బస్సు సీట్లు కుట్టడం ఆయన ఉద్యోగం. నవ్వకుండా అబద్ధాలు చెప్పడం ఆయన సరదా.

బస్‌స్టాండులో అమ్మ మైకు పట్టుకుని "బస్సుల రాకపోకల వేళల్లో మార్పును గమనించగలరు" అనగానే పిల్లకి అంతా అర్థమైపోయింది. ఇక్కడ కూడా ఆ అక్కాచెల్లెళ్ళే. అంటే అమ్మ ఇక్కడ కూడా చేసేది ప్రార్థనే. ఇంట్లో ముగ్గురి కోసం, ఇక్కడ అందరి కోసం. అందుకని ఒకరోజు వాన కురుస్తుండగా, "రేవు పట్నం వెళ్ళు బస్సు గంట ఆలస్యముగా బయలుదేరును" అని అమ్మ అన్న మరుక్షణం బల్ల కిందనుంచి లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని, మైకు దగ్గర నోరు పెట్టి "అలాగే కానీ" అంది.

బస్‌స్టాండులో తలలన్నీ స్పీకర్లకేసి లేచాయి. తర్వాత ఎవరో డ్రైవరు అరిచాడు, "పైవాళ్ళే ఒప్పుకున్నాక ఇంకేముంది, కూర్చోండి కూర్చోండి!" చిరాగ్గా ఉన్న జనం కూడా తడి గొడుగుల కింద నవ్వారు. ఆ సాయంత్రం నుంచి ఆ పిల్ల పేరు అది.

ఈసారి సెలవులకి వస్తున్నప్పుడు ఆమె సంచిలో కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టిన ఆకులున్నాయి. నాలుక మీద ఒక వాక్యం ఉంది. దారి పొడుగునా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ వచ్చింది. "అమ్మా, నాకు ప్రార్థన రావడం లేదు."

ఇందుకు కారణమంటూ లేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఏ చావూ జరగలేదు, ఏ పుస్తకమూ ఆమె చెయ్యి పట్టి లాగలేదు. హాస్టల్లో పరీక్షల ముందు అమ్మాయిలంతా మేడ మీద గదిలో చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళు. అమ్మ గొంతు వచ్చింది కాబట్టి చెప్పేది ఈమే. మూడో ఏడాది వానాకాలంలో ఒకరోజు అలా చెబుతూ చెబుతూ తన గొంతు తనకే బయటినుంచి వినబడింది. స్పష్టంగా ఉంది, తీరుగా ఉంది. కానీ బయట బస్సు ఉందో లేదో చూడకుండానే ప్లాట్‌ఫాం నంబరు చెబుతున్నట్టుగా ఉంది. ఆ రోజు ప్రార్థన పూర్తి చేసింది. తర్వాత ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా ఖాళీ ప్లాట్‌ఫామే కనబడింది. సాయంత్రాలు ఫోన్లో అమ్మ చెప్పే ప్రార్థనకి మాత్రం "అలాగే కానీ" అంటూనే ఉంది. పొద్దు వాలుతున్న హాస్టలు మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్కసారి చెప్పులో కాలి బొటనవేలిని నొక్కుకుంటూ.

ఇవి ఆఖరి సెలవులు. ఇంకొక్క సెమిస్టరు అయితే ఉద్యోగమో, పై చదువో, ఎక్కడో. చెబితే ఇప్పుడే చెప్పాలి అనుకుంది.

బస్సు స్టాండులోకి తిరిగింది. ఎప్పుడూ ఈ మలుపులోనే అమ్మ గొంతు ఎదురొచ్చేది. ఈసారి వచ్చింది మగ గొంతు. టికెట్ల గుమాస్తా ఎవరో, ఒప్పజెప్పలేని పాఠం ఒప్పజెబుతున్నట్టు, "ప్రయాణి... కులకు గమ... నిక" అంటున్నాడు. అమ్మాయి బస్సు ఆగీ ఆగకముందే దిగింది. సంచి నేల మీద ఈడ్చుకుంటూ మైకు గదికి పరుగెత్తింది.

అమ్మ అక్కడే ఉంది. మూలన స్టూలు మీద, మెడకి మఫ్లరు చుట్టుకుని. కూతుర్ని చూడగానే మొహమంతా నవ్వు పరుచుకుంది, వేలు మాత్రం పెదాల మీదికి వెళ్ళింది.

"గొంతులో గింజంత బుడిపె వచ్చింది. తీసేశారు, భయమేం లేదు," అన్నాడు పక్కనే ఉన్న నాన్న. "రెండు వారాలు మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దన్నారు. గుసగుస ఇంకా చేటట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పరీక్షలు కదమ్మా. ఫోన్లో జలుబన్నాను, నమ్మావు."

"మీరిద్దరూ కలిసి నాకు అబద్ధం చెప్పారన్నమాట!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని రుచి తెలిసి తల దించుకుంది. అమ్మ లేచి వచ్చి రెండు చేతుల్తో ఆమె బుగ్గలు పట్టుకుని అటూ ఇటూ ఊపింది. చిక్కిపోయావు, అని దాని అర్థం. "బాగా ఒళ్ళు చేశావంటోంది," అన్నాడు నాన్న. అమ్మ ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది.

మర్నాడు స్టాండు మేనేజరే ఇంటికొచ్చాడు. "ఆ గుమాస్తా చెబుతుంటే జనం ఎక్కాల్సిన బస్సు వదిలేసి దిగాల్సిన బస్సు ఎక్కుతున్నారు. అలాగేకానమ్మా, కొన్నాళ్ళు నువ్వు రామ్మా. పుణ్యముంటుంది." అమ్మ కళ్ళు మెరిశాయి. అమ్మాయికి కాదనడానికి కారణం దొరకలేదు.

అలా ఆ సెలవుల్లో అమ్మ కుర్చీలో కూతురు కూర్చుంది. అమ్మ మూలన స్టూలు మీద కూర్చుని చేతుల్తో పాఠం చెప్పింది. అరచేయి నేల వైపు దించితే నెమ్మది. వేళ్ళు విప్పితే ఊరి పేరు ఇంకా విడదీసి చెప్పు. పిడికిలి బిగిస్తే ఆగు, ఇంజను రొద తగ్గనీ. మైకు మీటని ముందు నొక్కి, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు మాట మొదలుపెట్టాలి. లేకపోతే మొదటి అక్షరం గాల్లో కలిసిపోతుంది. ఇన్నేళ్ళూ బల్ల కింద కూర్చున్న పిల్లకి బల్ల మీది సంగతులు ఇప్పుడు తెలిశాయి. గాజు వెనకనుంచి చూస్తే జనం అందరూ తలెత్తి తనకేసే చూస్తున్నట్టుంటారు. ఎవరూ తనని చూడరు.

పగలు హాయిగానే గడిచేది. సాయంత్రమే చిక్కొచ్చి పడేది.

"ఈ రెండు వారాలూ ప్రార్థన నువ్వే చెప్పాలి," అన్నాడు నాన్న మొదటి రోజే. అమ్మ అప్పటికే కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ప్రయాణం దుమ్ముకి గొంతు పట్టేసింది నాన్నా. ఇవాళ నువ్వు చెప్పు."

"నేనా? నాకెక్కడొచ్చు!"

అయినా చెప్పాడు. ఆయన ప్రార్థన డిపోలో కుర్రాళ్ళకి పని పురమాయించినట్టుండేది. "తండ్రీ, దీని గొంతు సంగతి చూడు. పిల్ల చదువు సంగతి చూడు. ఆ... ఇంకా... పక్కింటాయన మోకాలు. అదికూడా చూడు. అంతే." అమ్మ చిటిక వేసేది, ఏదో మర్చిపోయావని. "ఏంటీ? ఆ, పైకప్పు. చుక్క కారకుండా చూడు." అమ్మ తల అడ్డంగా ఊపి, చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించేది. "రంపమా? ఎవరి రంపం?" రాకపోకలు అని అమ్మాయికి తెలుసు. తెలిసీ పళ్ళ బిగువున ఊరుకునేది. ఆ మాట తను అందిస్తే మిగతాది కూడా అందించాల్సి వస్తుంది.

రెండోరోజు మైకు వల్ల గొంతు అలిసిందంది. మూడోరోజు తలనొప్పంది. ఆ తర్వాత నాన్నే అడగడం మానేసి, నిట్టూర్చి మొదలుపెట్టేవాడు. ఆఖర్న "అలాగే కానీ" మాత్రం ఆమె చిన్నగా అనేది. పగలంతా బస్‌స్టాండు మూలమూలకీ వినబడ్డ గొంతు ఇంటికొచ్చేసరికి ఎందుకు పోతోందో అమ్మ అడగలేదు. అడగడానికి లేదు కదా. కానీ ఒకరోజు ఆమె కళ్ళు తెరిచి చూస్తే, అమ్మ కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి.

డాక్టరుకి మళ్ళీ చూపించే రోజొచ్చింది. ఆసుపత్రి రెండు గంటల దూరంలో పెద్ద ఊళ్ళో. నాన్నకి డిపోలో సెలవు దొరకలేదు. తల్లీకూతుళ్ళే బయల్దేరారు.

బస్సు స్టాండు గేటు దాటి పెద్ద రోడ్డెక్కే మలుపు ఒకటుంది. ఎక్కడికి ప్రయాణం కట్టినా ఆ మలుపులో అమ్మ కళ్ళు మూసుకుని పెదాల్లోనే ప్రార్థన చెప్పుకుంటుంది. ఆ రోజు కళ్ళు మూసుకుంది. తర్వాత కూతురి మోచేతిని రెండుసార్లు తట్టింది. నువ్వు చెప్పు, అని.

పక్కన నాన్న లేడు. దుమ్ము లేదు, తలనొప్పి లేదు. కిటికీ అవతల చెట్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి. అమ్మ మళ్ళీ తట్టింది.

"అమ్మా, నేను చెప్పలేను."

అమ్మ కళ్ళు మూసుకునే, తన గొంతు మీద వేలు పెట్టి, గొంతా అన్నట్టు తలెగరేసింది.

"గొంతు బాగానే ఉంది. ఇన్నాళ్ళూ బాగానే ఉంది." ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి గబగబా అంది. "నాకు ప్రార్థన రావడం లేదమ్మా. కళ్ళు మూసుకుంటే అక్కడ ఎవరూ ఉన్నట్టు లేదు. కావాలని చేసింది కాదు. చాలా ప్రయత్నం చేశాను. ఫోన్లో నువ్వు చెబుతుంటే 'అలాగే కానీ' అన్నానే, అది కూడా నిజం కాదు. నీకు బాధ కలక్కూడదని అన్నాను."

అమ్మ కళ్ళు తెరిచింది. కూతురికేసి చూసింది, తర్వాత ముందు సీటు వెనక వైపు చూసింది. అది నాన్న కుట్టిన సీటే కావచ్చు, కుట్టు నేరుగా ఉంది. చేతులు రెండూ ఒళ్ళోకి వెళ్ళిపోయాయి.

అంతే. ఒక సైగ లేదు, చిటిక లేదు. ఆ మౌనం డాక్టరు పెట్టిన మౌనమో, అమ్మ తనంత తాను పెట్టుకున్న మౌనమో అమ్మాయికి తెలియలేదు. రెండూ బయటికి ఒకేలా ఉన్నాయి. తిట్టడానికి కూడా వీల్లేని రోజు చూసుకుని చెప్పానే అనుకుంది. ఊళ్ళు వచ్చాయి, వంతెన వచ్చింది, నీళ్ళ మీద ఎండ ముక్కలు ముక్కలుగా పడి ఉంది. ప్రతి స్టాపులో మనుషులు ఎక్కారు, దిగారు. అమ్మ ముందు సీటు కుట్టునే చూస్తూ కూర్చుంది.

గొంతు డాక్టరమ్మ చిన్న అద్దమూ దీపమూ పెట్టి లోపలికి చూసింది. "చక్కగా మానింది. మీలా మాట విన్న పేషెంటు ఇంకొకరు లేరు. ఏదీ, ఒక్క మాట అనండి. ఏదైనా సరే. మెల్లగా, బలవంతం లేకుండా."

అమ్మ పెదాలు తడి చేసుకుంది. డాక్టరుకేసి కాకుండా పక్కకి తిరిగి, గోడకి ఆనుకుని నిలబడ్డ కూతుర్ని చూసింది.

"ఎప్పట్నుంచి?"

ఆ గొంతు ఎన్నాళ్ళో మూసి ఉంచిన తలుపులా కిర్రుమంది. అయినా అమ్మ గొంతే.

"ఇవాళ్టి నుంచే!" అంది డాక్టరమ్మ సంబరంగా. "కాకపోతే రోజుకి పది నిమిషాలే. ఇంకో వారం పోయాక..."

"మూడో ఏడాది వానాకాలం నుంచి," అంది అమ్మాయి.

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏంటమ్మా?"

"ఏం లేదండీ."

బయట ఆసుపత్రి వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. అమ్మ చేతి గడియారం విప్పి ఇద్దరి మధ్యా పెట్టింది.

"పది నిమిషాలు. అడ్డం రాకు. ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదమ్మా."

"చదువు వల్లా?"

"ఆకుల వల్ల దేవుడు పోతాడా అమ్మా? కాదు."

"ఎవరైనా అబ్బాయా?"

"అమ్మా!"

"అడగాలి కదా. మళ్ళీ రేపటిదాకా ఆగాలి." అమ్మ ఊపిరి తీసుకుంది, మైకు ముందు తీసుకున్నట్టే. "నాకు బాధగా ఉంది. లేదని చెప్పను. చాలా బాధగా ఉంది."

"తెలుసమ్మా."

"నీకు తెలీదు. నువ్వు ప్రార్థన చెప్పనందుకు కాదే. రోజూ ఫోన్లో నా పక్కనే ఉన్నావనుకున్నాను. నువ్వేమో అక్కడ ఒక్కదానివే ఉన్నావు. నన్నేమనుకున్నావు, ముట్టుకుంటే పగిలే గాజనా?"

అమ్మాయికి ఏడుపొచ్చింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వరండాలో ఒక నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. దాని చక్రం ఒకటి కుయ్ కుయ్ మంటూ చాలాసేపు వినబడింది. అమ్మ తన మఫ్లరు కొస అందించింది. దాని నిండా మందు వాసన.

"నన్ను మళ్ళీ మొదలుపెట్టమంటావా?" అంది అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ.

"రాని బస్సుని వచ్చిందని చెప్పమంటానా? నాకు ఉద్యోగం ఉంటుందా?" గడియారం చూసి అమ్మే మళ్ళీ అంది. "ఒకటి చెప్పు. భయమేస్తే ఏం చేస్తున్నావు మరి? ఇదివరకు ప్రార్థన చేసుకునేదానివి."

ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "కిటికీ తెరిచి కూర్చుంటాను. కాసేపటికి తగ్గుతుంది."

"తగ్గకపోతే?"

"నీకు ఫోన్ చేస్తాను. ఏదో ఒకటి అడుగుతాను. అన్నంలో నీళ్ళు ఎన్ని పోయాలి, అలాంటివి."

అమ్మ ఆమెకేసి తిరిగింది. "అందుకా! ఎన్నిసార్లు చెప్పినా నీళ్ళ కొలత అడుగుతోంది, దీనికి బుర్రుందా లేదా అని మీ నాన్నతో అన్నాను." నవ్వబోయి గొంతు పట్టుకుంది. గడియారం చేతికి పెట్టుకుంటూ, "ఇంకా రెండు నిమిషాలున్నాయి. దాచుకుంటాను. ఇంటికెళ్ళి మీ నాన్నని తిట్టాలి. రంపమట, రంపం."

తిరుగు బస్సులో కిటికీ సీటు అమ్మది. ఎండ వాలింది. మెడకి గాలి తగలకుండా అమ్మాయి అద్దం మూసింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. పొద్దున్న బస్సులో ఉన్న మౌనం లాంటిది కాదు ఇది. ఎవరు పెట్టారో ఇద్దరికీ తెలిసిన మౌనం.

బస్సు ఆ ఊరి స్టాండులోంచి కదిలి రోడ్డెక్కింది. అమ్మ కళ్ళు మూసుకుంది. ఈసారి మోచేయి తట్టలేదు. గుసగుస కూడా వద్దన్నారని పెదాలు కదపలేదు. నుదురు మాత్రం మెల్లగా విప్పారింది.

కొత్త కండక్టరెవరో, వీళ్ళని ఎరగడు. కడ్డీ మీద పంచ్ టకటకమని కొడుతూ వచ్చాడు. "టికెట్, టికెట్! ఎక్కడికమ్మా? అమ్మగారూ!"

అమ్మాయి చెయ్యెత్తింది. "ఒక్క నిమిషం అన్నా."

"నిద్రపోయారా?"

"లేదు. మాట్లాడుతోంది."

అతను అమ్మ మూసుకున్న నోటికేసి చూశాడు. వెనక సీట్లకేసి చూశాడు. పంచ్ చేతిలోనే బిగించి పట్టుకుని, కడ్డీకి ఆనుకుని నిలబడ్డాడు. బస్సు మలుపు తిరగడంతో ఎండ నేరుగా అమ్మ రెప్పల మీద పడింది. అమ్మాయి అరచేయి అడ్డం పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి వెలుతురు అమ్మ చెంప మీద గీతలు గీతలుగా కదిలింది. ఆమె చెయ్యి తియ్యలేదు. లోపల ఏం జరుగుతోందో తనకి తెలియదు. అది అయ్యేదాకా ఎవరూ అడ్డు రాకూడదని మాత్రం తెలుసు.

అమ్మ కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న అరచేతిని చూసి, దాన్ని కిందికి దించి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడివ్వన్నా," అంది అమ్మాయి. "రెండు."